గుణం చేసిందని ఎలా తెలుసు?

"ఫలానా హకీంసాబు మందు బాగా గుణం చేసింది", "ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిది" అనే మాటలు మన ఇళ్లల్లో రోజూ వినబడేవే. ఈ మాటల్లో కృతజ్ఞత ఉంది, అది మంచిదే. కాని ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే ఇందులో ఒక చిక్కు ప్రశ్న కూడా ఉంది. గుణం చేసింది మందేనా? పథ్యమా? లేక రోజులు గడిచేకొద్దీ శరీరం తనంతట తానే కోలుకున్నదా?

కామెర్ల సంగతే తీసుకుందాం. కామెర్లు రాగానే ఆకుపసరు పోసేవారి దగ్గరకు పరుగెత్తడం మన జిల్లాల్లో తాతల నాటినుంచీ వస్తున్న అలవాటు. పసరు పోయించుకున్న వాళ్లలో చాలామందికి నయమవుతుంది కూడా. అయితే కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొద్ది వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గేవే, పోయకున్నా తగ్గేవే. పేరు మాత్రం పసరుకు వస్తుంది. అవే కామెర్లు పిత్తాశయంలో రాయి వల్లనో, కాలేయంలో ముదిరిన మరో జబ్బు వల్లనో వచ్చినప్పుడు, పసరును నమ్ముకుని కూర్చున్న మనిషి విలువైన కాలం పోగొట్టుకుంటాడు. కనుక "గుణం చేసిందని ఎలా తెలుసు?" అన్నది ఊరికే వాదనకోసం వేసే ప్రశ్న కాదు. ప్రాణంతో ముడిపడిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన చరిత్ర వెయ్యేళ్లకు పైబడినది. అది బాగ్దాదులో కనబడుతుంది, పారిస్‌లో కనబడుతుంది, మన హైదరాబాదు, సికిందరాబాదుల్లోనూ, పక్కనున్న మద్రాసులోనూ కనబడుతుంది. ఆ చరిత్రలో వైద్యుల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మంచం మీద పడుకుని, తమ శరీరాన్నే పరీక్షకు ఇచ్చిన రోగుల పేర్లు మాత్రం అరుదుగా దొరుకుతాయి. వైద్యులనూ రోగులనూ కలిపి తలచుకోవాలన్నది మా ఉద్దేశం. అందుకు మూడు చిన్న ప్రశ్నలు వెంట పెట్టుకుందాం. పోల్చి చూశారా? లెక్క కట్టారా? రోగిని అడిగారా?

బాగ్దాదు దవాఖానాలో

అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా అల్ రాజీ క్రీ.శ. 865 ప్రాంతంలో ఇరాన్‌లోని రయ్ పట్టణంలో జన్మించారు. ఇప్పటి టెహరాన్‌కు దగ్గరలోనే ఉన్నది ఆ ఊరు. మొదట రయ్‌లోనూ, తర్వాత బాగ్దాదులోనూ దవాఖానాకు పెద్దగా పనిచేశారు. తాను చూసిన రోగుల సంగతులు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోవడం ఆయన అలవాటు. ఆ కాగితాలనన్నిటినీ ఆయన పోయాక శిష్యులు కూర్చగా "కితాబ్ అల్ హావీ" అనే మహాగ్రంథం అయింది.

రోగ నిర్ణయంలో రాజీ చేసిన గొప్ప పని మశూచినీ, తట్టునూ విడదీసి చెప్పడం. ఉర్దూలో చేచక్, ఖస్రా అంటామే, అవే. రెంటిలోనూ జ్వరం వస్తుంది, ఒంటిమీద పొక్కులో దద్దుర్లో లేస్తాయి. తల్లికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. మశూచిలో నడుంనొప్పి ఎక్కువగా ఉంటుందనీ, తట్టులో వికారం, గాభరా ఎక్కువనీ రాజీ గుర్తించి రాశారు. రోగి మంచం దగ్గర కూర్చుని చూస్తే తప్ప ఇలాంటి తేడా పట్టుబడదు. ఈ జబ్బులకు కారణం రక్తం పొంగడమేనని ఆయన అనుకున్నారు. అది ఆ కాలపు ఊహ, నిలబడలేదు. చూసి రాసిన గుర్తులు మాత్రం నిలబడ్డాయి. ఆ పుస్తకం లాటిన్, గ్రీకు భాషల్లోకి వెళ్లింది. 1848లో కూడా లండన్‌లో దాని ఇంగ్లీషు అనువాదం అచ్చు వేశారంటే దాని విలువ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

చికిత్స విషయంలో ఆయన రాసిన ఒక సంగతి మన మొదటి ప్రశ్నకు జవాబు. మెదడుకు సంబంధించిన సర్సాం జ్వరానికి ఆ రోజుల్లో నరం కోసి రక్తం తీసేవారు. రాజీ ఒక గుంపు రోగులకు రక్తం తీశారు, ఇంకొక గుంపుకు కావాలనే తీయకుండా వదిలారు. ఏది మేలో తేల్చుకోవడానికే అలా చేశానని ఆయనే రాసుకున్నారు. రక్తం తీస్తేనే మంచిదన్నది ఆయనకు తోచిన ఫలితం. నేటి వైద్యం దానిని ఒప్పుకోదు. అయినా ఒకే జబ్బు ఉన్నవారిని రెండు గుంపులు చేసి పోల్చాలి అన్న ఆలోచన పదవ శతాబ్దం నాటికే ఒక దవాఖానాలో పుట్టింది కదా, అదీ గమనించదగ్గ విషయం. పోల్చారు, నిజమే. లెక్క సరిగా చెప్పలేదు. వదిలివేసిన రెండో గుంపును "మీకు సమ్మతమేనా" అని అడిగే ఆనవాయితీ అప్పటికి పుట్టనే లేదు.

ఇక్కడ ఒక మాట. రాజీ బాగ్దాదులో నలుమూలలా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్లిందో అక్కడ అజుదీ ఆస్పత్రి కట్టించారని ఒక కథ మన ఉపన్యాసాల్లో తరచు వస్తుంది. రాజీ 925 ప్రాంతంలో కన్నుమూశారు. అజుదీ ఆస్పత్రి 980 తర్వాతగాని తెరుచుకోలేదు. అందుచేత ఆ ఆస్పత్రితో ఆయనను ముడిపెట్టే కథ తేదీల ముందు నిలవదు. పెద్దలను గౌరవించడానికి కట్టుకథలు అక్కరలేదు. వారు నిజంగా చేసింది చాలు.

ఇబ్న్ సీనా షరతులు

రాజీ తర్వాతి తరాల్లో వచ్చిన ఇబ్న్ సీనా (980–1037) "అల్ ఖానూన్" అనే వైద్య గ్రంథం రాశారు. దాని రెండో భాగంలో ఒక మందు గుణాన్ని అనుభవంతో పరీక్షించడానికి ఏడు షరతులు పెట్టారు. వాటిలో కొన్నింటిని మన మాటల్లో చెప్పుకుందాం. మందు కల్తీ లేకుండా, తన సహజ గుణంతో ఉండాలి. రెండు మూడు జబ్బులు కలిసిన రోగిమీద కాక, ఒకే జబ్బు ఉన్నవాడిమీద పరీక్షించాలి. మందు బలం జబ్బు బలానికి తగినంత ఉండాలి. ఎప్పుడు ఇచ్చాం, ఎప్పుడు పనిచేసింది అన్న కాలం గమనించాలి. ఒకసారి పనిచేస్తే చాలదు, ఎప్పుడూనో ఎక్కువసార్లో పనిచేయాలి. చివరిది, పరీక్ష మనిషి మీదనే జరగాలి. సింహానికో గుర్రానికో పనిచేసింది గనుక మనిషికీ పనిచేస్తుందని చెప్పలేం.

ఇప్పుడు మనం చేసే పొరపాట్లు ఈ షరతుల పక్కన పెట్టి చూడండి. పక్కింటి ఆపాకు మధుమేహం తగ్గిందని అదే కషాయం మనమూ తాగేస్తాం. ఆమె అదే నెలలో తీపి మానేసిందా, నడక మొదలుపెట్టిందా, డాక్టరు మాత్రలు కూడా వేసుకుంటున్నదా అని అడగం. ఒక్కరికి ఒక్కసారి పనిచేసినట్టు కనిపిస్తే చాలు మనకు. ఇబ్న్ సీనా దీనిని ఒప్పుకునేవారు కాదు.

పారిస్ లెక్కలు

రక్తం తీయడం రాజీతో ఆగలేదు. యూరపులో మరో తొమ్మిది వందల ఏళ్లు సాగింది. చివరకు పారిస్‌లో పియర్ లూయీ అనే వైద్యుడు మన రెండో ప్రశ్న వేశారు. అందరూ మంచిదంటున్నారు, లెక్క ఏదీ? న్యుమోనియా వచ్చిన 77 మంది రోగుల వివరాలు తీసి 1835లో ప్రచురించారు. జబ్బు మొదలైన నాలుగు రోజుల లోపున రక్తం తీసినవారు 41 మంది, వారిలో 18 మంది చనిపోయారు. ఆలస్యంగా తీసినవారు 36 మంది, వారిలో 9 మంది చనిపోయారు. ఎంత తొందరగా రక్తం తీస్తే అంత మేలు అన్న నమ్మకానికి ఈ నాలుగు అంకెలు పెద్ద దెబ్బ కొట్టాయి.

ఈ లెక్కలోనూ లోపం లేకపోలేదు. రెండు గుంపుల్లోని మనుషులూ వయసులోనూ, జబ్బు తీవ్రతలోనూ సమానమేనా? ముందుగా సమానం చేసి విడదీసినవారు కాదు గదా! ఈ లోపాన్ని దిద్దడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఆ సంగతికి తర్వాత వద్దాం. ఈ మధ్యలో మన హైదరాబాదు ఒకసారి ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కింది.

నిజాం ఖర్చుతో క్లోరోఫాం పరీక్ష

హైదరాబాదులో 1846లోనే వైద్య పాఠశాల ఏర్పడింది. అక్కడ ఉర్దూ భాషలో వైద్యం చెప్పేవారు. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే. ఆ పాఠశాలకు అధిపతిగా ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ పనిచేసిన కాలంలో, శస్త్రచికిత్సకు ముందు క్లోరోఫాం ఇవ్వడం మీద పెద్ద వివాదం నడిచేది. క్లోరోఫాం 1847లో వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడే ఇంగ్లండులో పదిహేనేళ్ల అమ్మాయి దాని వాసన పీల్చి చనిపోయింది. కొందరు గుండె ఆగడం వల్లనన్నారు, కొందరు ఊపిరి ఆగడం వల్లనన్నారు. ఊపిరే ముందు ఆగుతుందని లారీ గట్టిగా నమ్మేవారు.

1888లో ఒకటి, 1889లో మరొకటి, హైదరాబాదు క్లోరోఫాం కమీషన్ పేరుతో రెండు కమీషన్లు కూర్చున్నాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయం చేశారు. రెండోదానికి లండన్ నుంచి "లాన్సెట్" పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్ వచ్చేందుకు వెయ్యి పౌన్లు ఇచ్చారు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద, ముఖ్యంగా కుక్కల మీద, ప్రయోగాలు జరిగాయి. క్లోరోఫాం ముందుగా ఊపిరినే ఆపుతుందనీ, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే ప్రమాదం లేదనీ కమీషన్ తేల్చింది.

1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు వేరే విషయం చూపించారు. మత్తు పూర్తిగా ఎక్కక ముందు, తక్కువ మోతాదులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని ఆయన పరీక్షల్లో తేలింది. అంటే హైదరాబాదు తీర్పు సగమే నిజం. డబ్బుకు లోటు లేదు, పెద్ద పేర్లకు లోటు లేదు, ప్రయోగాల సంఖ్యకూ లోటు లేదు. అయినా తాము ముందే నమ్మినదానివైపు చూపు మొగ్గితే మిగతా సగం కనబడకుండా పోతుంది. ఇది చదివి మనం చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. తప్పును తర్వాతివారు దిద్దే వీలుండేటట్టు అన్నీ రాసిపెట్టడమే పరిశోధన మర్యాద. ఆ పని కమీషన్ చేసింది.

హుస్సేన్ ఖాన్ పది అణాలు

మరో ఎనిమిదేళ్లకు, సికిందరాబాదు పక్కన బేగంపేటలో ఒక చిన్న ఆస్పత్రి. అక్కడ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ మలేరియా దోమల వల్ల వస్తుందా అన్నది తేల్చుకోవాలని రెండేళ్లుగా కుస్తీ పడుతున్నారు. మలేరియా క్రిమి రోగి రక్తంలో ఉంటుందని 1880లోనే ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ కనుగొన్నారు. అది మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతుందన్నదే తెలియదు.

1897 ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని మంచం మీద పడుకోబెట్టి, దోమతెర లోపల దోమలను వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున ఆయనకు పది అణాలు ముట్టాయి. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, ఆ దోమల్లో ఒకదాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టిన రాస్‌కు, దోమ కడుపు గోడలో నల్లని రంగు రేణువులున్న కణాలు కనిపించాయి. అవే మలేరియా క్రిములు. అందుకే నేడు ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటుతోనే వ్యాపిస్తుందని రాస్ పూర్తిగా నిరూపించారు. అక్కడ ఆయనకు చేదోడుగా నిలిచిన సహాయకుడు ముహమ్మద్ బక్ష్. మనుషుల మలేరియా విషయంలో మిగిలిన మెట్లను 1898లోనే ఇటలీ శాస్త్రజ్ఞులు పూర్తి చేశారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చింది.

మన పిల్లలు బడిలో రోనాల్డ్ రాస్ పేరు చదువుకుంటారు. చదువుకోవలసిందే. దానితో పాటు హుస్సేన్ ఖాన్ పేరు కూడా చెప్పాలని మేము కోరుతున్నాం. జ్వరంతో ఉన్న ఒక మామూలు మనిషి తన చేతులూ కాళ్లూ దోమలకు అప్పగించకపోతే ఆ కనుగొనడం ఆ రోజున జరిగేది కాదు. అయితే మన మూడో ప్రశ్న ఇక్కడ కొంచెం గట్టిగానే వినబడుతుంది. జరుగుతున్నది ఏమిటో ఆయనకు విడమరిచి చెప్పారా? అణా ఇవ్వడం వేరు, అర్థమయ్యేట్టు చెప్పి సమ్మతి తీసుకోవడం వేరు. మూడేళ్ల తర్వాత, 1900లో, క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం కామెర్ల జ్వరం మీద ఇలాంటి దోమల పరీక్షే చేసింది. అక్కడ ప్రమాదం ఏమిటో రాసి, ఆ మనుషుల స్పానిష్ భాషలోనే ఒప్పంద పత్రం చదివి వినిపించి సంతకాలు తీసుకున్నారు. రోగిని అడగడం అనే పద్ధతికి అదొక తొలి మెట్టు.

చీట్లు వేసి పంచడం

ఇప్పుడు లూయీ లెక్కలోని లోపం దగ్గరకు వద్దాం. కబడ్డీ ఆటలో రెండు జట్లనూ ఒకే మనిషి ఎంచుతాడనుకోండి, వాడు తనకు ఇష్టమైన జట్టుకు బలమైన వాళ్లను వేసుకుంటాడు. డాక్టరు కూడా మనిషే. కొత్త మందు మీద ఆశ ఉన్న డాక్టరు, తనకు తెలియకుండానే, కోలుకునేట్టున్న రోగికే ఆ మందు ఇస్తాడు. ఫలితం బాగా వస్తుంది, పేరు మందుకు వస్తుంది. దీనికి విరుగుడు మన చిట్టీల పాట వాళ్లకు తెలిసిందే. చీట్లు వేయడం! ఎవరికి ఏ మందు అన్నది చీటీ తేల్చాలి, డాక్టరు తేల్చకూడదు.

ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రజ్ఞుడు క్షయ రోగుల మీద స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో ఈ పద్ధతి పెట్టారు. అంటించిన కవర్లలో చీట్లు ఉంచారు. 107 మంది రోగుల్లో 55 మందికి పడకవిశ్రాంతితో పాటు మందు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలకు మందు ఇచ్చినవారిలో నలుగురు, ఇవ్వనివారిలో 14 మంది మరణించారు. 1948లో ఈ ఫలితం అచ్చయింది. మందు పనిచేస్తుందని తేలింది. ఒక్క మందే ఇస్తే కొద్ది నెలల్లోనే క్షయ క్రిమి దానికి లొంగకుండా తయారవుతుందని కూడా ఆ పరీక్షలోనే బయటపడింది. అందుకే ఆ తర్వాత రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం వచ్చింది.

అప్పటికి మందు కొరతగా ఉంది, అందరికీ ఇవ్వడానికి లేదు, కనుక చీట్లు వేయడంలో అన్యాయం లేదన్నారు. నిజమే. కాని మందు రాని 52 మందికి తాము ఒక పరీక్షలో ఉన్నామన్న సంగతే చెప్పలేదు. పోల్చారు, లెక్క కట్టారు, అడగడం మరిచారు.

మద్రాసు పేటల్లో నుంచి వచ్చిన పాఠం

క్షయ అంటే ఒకప్పుడు ఇల్లు వదిలి శానటోరియానికి పోవడమే. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. మన దేశంలో రోగులు లక్షల్లో, మంచాలు వేలల్లో. ఇంటి పెద్ద శానటోరియంలో పడుకుంటే ఇంట్లో పొయ్యి వెలగదు. మరి మందులు ఇంటి దగ్గరే తీసుకుంటే నయం కాదా? ఇంట్లోవాళ్లకు అంటుకోదా?

ఈ రెండు ప్రశ్నల కోసం 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం నెలకొల్పారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి చేతులు కలిపాయి. వాలెస్ ఫాక్స్ దానికి తొలి నాయకత్వం వహించారు. పేదపేటల్లో, ఇరుకు ఇళ్లల్లో ఉండే 193 మంది రోగులను చీటీ పద్ధతిలో రెండుగా పంచారు. సగం మంది శానటోరియానికి, సగం మంది తమ ఇంటికే. మందులు ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. రోగి నిజంగా మందు మింగుతున్నాడో లేదో తెలుసుకోవడానికి చెప్పకుండా ఇంటికి వెళ్లి మూత్ర పరీక్ష కూడా చేసేవారు.

1959లో ఫలితం వచ్చింది. ఏడాది చివర శానటోరియంలో నూటికి 92 మందికి, ఇంటి దగ్గర నూటికి 86 మందికి జబ్బు అణగింది. శానటోరియం వాళ్లకు తిండీ, విశ్రాంతీ ఎంతో మెరుగు. ఇంటివాళ్లు అరకొర తిండి తింటూ, పనులు చేసుకుంటూనే దాదాపు అంత ఫలితం సాధించారు. కుటుంబాలను ఐదేళ్లు వెంట ఉండి చూశారు. రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంట్లోవారికి అదనంగా జబ్బు అంటలేదని తేలింది. మందు మొదలుపెట్టక ముందు జరిగిన అంటే ఎక్కువ. మందు సరిగా పడ్డాక అంటించే గుణం తగ్గిపోతుంది.

ఈ ఒక్క ఫలితంతో ప్రపంచమంతటా క్షయ చికిత్స శానటోరియం గోడలు దాటి ఇళ్లకు వచ్చింది. ఇవాళ మన పేటలోని ప్రభుత్వ ఆస్పత్రిలో క్షయ మందులు ఉచితంగా తీసుకుని ఇంట్లోనే వాడుకుంటున్నామంటే, దాని వెనుక ఆ 193 మంది మద్రాసు పేదలు ఉన్నారు. అప్పట్లో ఏడాది పట్టిన చికిత్స, తర్వాతి పరిశోధనలవల్ల మామూలు క్షయకు ఆరు నెలలకు దిగింది.

అడగడం నేర్చుకున్న కథ

మూడో ప్రశ్నకు ప్రపంచం జవాబు చెప్పడానికి ఘోరాలు జరగవలసి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ వైద్యులు ఖైదీల మీద చేసిన అకృత్యాలు విచారణకు వచ్చాక, 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వెలువడింది. మనిషి స్వచ్ఛందంగా ఒప్పుకోనిదే ప్రయోగం చేయరాదన్నది దానిలో మొదటి మాట. 1964లో హెల్సింకీ ప్రకటన వచ్చింది. మన వైద్య పరిశోధన మండలి 1980లో నీతి సూత్రాలు ప్రకటించింది.

సూత్రాలు రాసినంతలో అయిపోలేదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను ఒక అధ్యయనం కింద వేల మంది బాలికలకు వేశారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండేవారు. తల్లిదండ్రులకు బదులు చాలాచోట్ల వార్డెన్లే సమ్మతి పత్రాల మీద సంతకాలు చేసినట్టు బయటపడింది. 2010లో ప్రభుత్వం దానిని నిలిపివేసింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా ఆక్షేపించింది. అక్కడ జరిగిన కొన్ని మరణాలకు టీకా కారణమై ఉండకపోవచ్చునని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకాను ఎన్నో దేశాలు ఇప్పుడు ఆడపిల్లలకు వేస్తున్నాయి, అది మేలైన టీకాయే. అంటే తప్పు టీకాలో లేదు, అడగకపోవడంలో ఉంది. అడగకుండా చేసిన మంచిపని కూడా అనుమానాన్నే మిగిల్చింది.

ఆ తర్వాత 2019లో కొత్త మందులు, క్లినికల్ పరీక్షల నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం నీతి సంఘం అనుమతి ఉండాలి. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువు రానివారికి నిష్పక్షపాతి అయిన సాక్షి ఎదుట చదివి వినిపించాలి. పరీక్షవల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఏ రోజునైనా "ఇక చాలు" అని తప్పుకునే హక్కు రోగికి ఉంది.

మనం చేయవలసినది

ఇంత చరిత్ర ఎందుకు చెప్పుకున్నామంటే, మన పేటల్లో రెండు రకాల పొరపాట్లు చూస్తున్నాం కాబట్టి. ఒకటి, పరిశోధన అనగానే "మనల్ని కుందేళ్లను చేస్తారు" అని పారిపోవడం. రెండోది, కొద్ది రూపాయల కోసం కాగితం చదవకుండా వేలిముద్ర వేసిరావడం. రెండూ ప్రమాదమే. పరీక్షలు లేకపోతే రేపటి మందు లేదు. అడగకుండా జరిగే పరీక్ష మనకు వద్దు.

అందుకని సొసైటీ సభ్యులకు మా విన్నపాలు ఇవి. ఎవరైనా పరీక్షలో చేరమంటే, కాగితం ఇంటికి తెచ్చి చదువుకున్న పిల్లలచేత చదివించుకోండి. పోల్చే రెండో గుంపుకు ఏమి ఇస్తారో అడగండి. హాని జరిగితే బాధ్యత ఎవరిదో అడగండి. మన దేశంలో జరిగే పరీక్షలన్నీ 2009 నుంచి ప్రభుత్వ రిజిస్టరులో నమోదు కావాలి, ఆ నంబరు అడగండి.

ఏదైనా మందు "నూటికి నూరుపాళ్లు గ్యారంటీ" అని ప్రకటన కనబడితే, అది యునానీ అయినా, ఆయుర్వేదమైనా, ఇంగ్లీషు మందైనా, మన మూడు ప్రశ్నలూ వేయండి. యునానీని ప్రేమించేవారు ఈ ప్రశ్నలకు భయపడనక్కరలేదు. హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థ బొల్లి రోగుల మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తూనే ఉంది. రాజీ పేరు చెప్పుకోవడం కన్నా రాజీలాగా పరీక్షించి చూడడమే ఆయనకు అసలైన గౌరవం.

మరీ ముఖ్యంగా క్షయ సంగతి. ఆడపిల్లకు క్షయ అని తెలిస్తే సంబంధాలు రావని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండు నెలలకు దగ్గు తగ్గగానే మందు మానేసే మగవాళ్లూ ఉన్నారు. దాచిపెడితే ఇంట్లోవాళ్లకు అంటుతుంది. మధ్యలో మానేస్తే క్రిమి మందులకు లొంగకుండా తయారవుతుంది, ఆ పైన చికిత్స కష్టమూ, దీర్ఘమూ అవుతుంది. రెండు వారాలు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించండి. జబ్బని తేలితే సిగ్గుపడకండి, డాక్టరు ఆపమనే దాకా మందు ఆపకండి. రోగిని విడిగా గిన్నె, విడిగా మూల అని వెలివేయకండి. మందు మింగుతున్న రోగి ఇంట్లోనే ఉండవచ్చునని మద్రాసు పేదలు మనకోసం ఏనాడో రుజువు చేసిపెట్టారు.

ఈ సంచిక చదివిన ప్రతి ఇంట్లోనూ ఒక్కరైనా రేపు ఆస్పత్రిలో డాక్టరుగారిని మర్యాదగా, ధైర్యంగా "ఈ మందు ఎందుకు? ఎంతకాలం? ఎలా తెలుస్తుంది గుణం చేసిందని?" అని అడిగితే, మా శ్రమ ఫలించినట్టే. అడిగే రోగి ఉన్నచోట డాక్టరు కూడా మరింత జాగ్రత్తగా చూస్తాడు. అల్లాహ్ మన ఇళ్లన్నిటికీ ఆరోగ్యం ప్రసాదించుగాక.